కొలువు మెట్లు కోస్తుంటే బావమరిది వేలు తెగింది: జిగ్‌సాతో నా తప్పు ఎక్కడ జరిగింది?

కొలువుమెట్లు | శనివారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. ఏడాదిగా ఇక్కడ చదువుతున్నానే గాని రాయడం ఇదే మొదటిసారి. ఇలాంటి సంగతితో మొదలుపెడతానని అనుకోలేదు.

మా ఇంట్లో సంక్రాంతికి బొమ్మల కొలువు పెడతారు. ఏటా ట్రంకు పెట్టెలు, అట్టపెట్టెలు, వాటి మీద మంచం పలకలు పేర్చి దుప్పటి కప్పడం నా పని. ఈసారి అయిదు మెట్లు సొంతంగా చేద్దామని ఒక 18 మి.మీ. ప్లైవుడ్ షీటు, ఒక జిగ్‌సా (సన్నని బ్లేడు పైకీ కిందికీ ఆడుతూ కోసే కరెంటు రంపం) కొన్నాను. రెండు పక్క పలకలను మెట్ల ఆకారంలో కోసి, వాటి మీద అడ్డపలకలు బిగించాలన్నది ఆలోచన.

హాల్లో రెండు ప్లాస్టిక్ స్టూళ్ల మీద ప్లై పెట్టాను. ఒక చివర నా మోకాలు ఆనించాను, రెండో చివర మా బావమరిది పట్టుకున్నాడు. రెండు మెట్లు చక్కగా వచ్చాయి. మూడో మెట్టు సగం కోసేసరికి తెగిపోబోయే ముక్క ఊగడం మొదలుపెట్టింది. అతను సాయం చేద్దామని కింద నుంచి అరచెయ్యి ఆనించాడు. నా కళ్లు పెన్సిలు గీత మీదే ఉన్నాయి. పొట్టు గీతను కప్పేస్తుంటే ఊదుకుంటూ కోస్తున్నాను. ‘అబ్బా’ అన్న కేక వినబడింది. ముక్క ఊడి కాలి మీద పడిందేమో అనుకున్నాను, మిషను ఆపడానికి ఒక క్షణం ఆలస్యం కూడా చేశాను.

మధ్యవేలి కొన, గోరు పక్కన చీరుకుపోయింది. మూడు కుట్లు పడ్డాయి. ఎముకకు ఏమీ కాలేదు. ఇంటికి వచ్చాక చూస్తే ఒక స్టూలు అంచు కూడా అంగుళం మేర తెగి ఉంది. అది ఎప్పుడు తెగిందో నాకు తెలియదు. వేలి కన్నా అదే నన్ను ఎక్కువ భయపెడుతోంది.

మా ఆవిడ మిషనును బీరువా మీదికి ఎక్కించింది. పండక్కి మూడు వారాలుంది. మానేయమంటారా, సరిగ్గా చేసే పద్ధతి ఏదైనా చెబుతారా?

పాతరంపం | శనివారం, రాత్రి 9:40

ముందు మీ బావమరిదికి క్షమాపణ చెప్పి రండి. మిగతాది తర్వాత.

చెప్పారా? సరే. నేను ముప్పై ఏళ్లుగా వడ్రంగం చేస్తున్నవాణ్ణి, రాజమండ్రి. మీరు చేసిన తప్పు ఒక్కటే. చెక్క పైభాగం చూశారు, అడుగుభాగం మరిచిపోయారు. చేతిరంపం అయితే కింద ఏం జరుగుతోందో భుజానికి తెలుస్తుంది. రంపం దేనికైనా తగిలితే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. ఈ మిషనుకు ఆ మాట వినపడదు. నిమిషానికి మూడు వేల సార్లు దాకా కొట్టుకునే బ్లేడుకు ప్లైవుడ్డూ ప్లాస్టిక్ స్టూలూ వేలూ ఒకటే.

ఇది చదివి నా మిషనుకు మామూలు 100 మి.మీ. బ్లేడు పెట్టి 18 ప్లై మీద నిలబెట్టి కొలిచాను. బ్లేడు బాగా కిందికి దిగినప్పుడు చెక్క అడుగున దాదాపు రెండంగుళాలు బయటకు వచ్చింది. రెండంగుళాల కత్తి బల్ల కింద తిరుగుతోందని అనుకుని పని చేయండి. ఆ జాగాలో ఎవరి చెయ్యీ, మోకాలూ, స్టూలూ, వైరూ ఉండకూడదు.

మిషను మానేయనక్కర్లేదు. స్టూళ్లు మానేయండి.

సందేహాలరావు | శనివారం, రాత్రి 10:05

ఇంత రాద్ధాంతం అవసరమా అని అడగాలనిపిస్తోంది. మా వీధిలో పనిచేసే వడ్రంగి నేల మీద కూర్చుని, పలకను కాలి బొటనవేలితో అదిమిపట్టి ఇదే మిషనుతో కోస్తాడు. లుంగీ, ఉత్త కాళ్లు, కళ్లద్దాలు లేవు. ఇరవై ఏళ్లుగా అతని పది వేళ్లూ పదిలంగానే ఉన్నాయి.

పాతరంపం | శనివారం, రాత్రి 10:18

> అతని పది వేళ్లూ పదిలంగానే ఉన్నాయి

కాలి వేళ్లు కూడా లెక్కపెట్టారా?

కాలితో పట్టడం మా నాన్న నేర్పిన పద్ధతే, నేనూ చేశాను. చేతిరంపానికి అది సరిపోయింది, ఎందుకంటే అక్కడ రంపం వేగం మన చేతి వేగమే. మిషను వచ్చాక కూడా అదే కూర్చునే తీరు ఉంచుకున్నాం, అక్కడ వచ్చింది చిక్కు. నా ఎడమ కాలి రెండో వేలికి గోరు సగమే పెరుగుతుంది. అది ఎలా జరిగిందో ఇక్కడ రాయను.

మేడగది | శనివారం, రాత్రి 10:51

కొలువుమెట్లు గారూ, మొదట్లో నేనూ ఇలాగే తడబడ్డాను. విశాఖలో మా మేడ మీద చిన్న గది, అదే నా కార్ఖానా. నాకు కుట్టుపని అలవాటు కాబట్టి జిగ్‌సాను కుట్టుమిషనులా ఊహించుకున్నాను, అప్పటి నుంచి చెయ్యి కుదిరింది.

కుట్టుమిషనులో గుడ్డను పాదం అదిమి పడుతుంది, సూది పైకీ కిందికీ ఆడుతుంది. పాదం ఎత్తి కుట్టబోతే గుడ్డ సూదితో పాటు ఎగురుతుంది. జిగ్‌సా కింద ఉండే ఇనుప పలక కూడా ఆ పాదం లాంటిదే. అది చెక్కకు పూర్తిగా ఆని ఉండాలి. మామూలు బ్లేడు పళ్లు పైవైపుకు చూస్తుంటాయి. అంటే పైకి లేచేటప్పుడే కోస్తుంది, ఆ ఊపుకు చెక్కను పైకి లాగుతుంది. పాదం గట్టిగా ఆని ఉంటే చెక్క దానికి అదిమినట్టు ఉంటుంది. పాదం కాస్త లేచిందా, మిషను దడదడలాడుతుంది, బ్లేడు వంగుతుంది, ఒక్కోసారి విరుగుతుంది.

ఇంకొకటి. గుడ్డను లాగితే సూది విరుగుతుందని మా అమ్మ చెప్పేది. ఇక్కడా అంతే. తోస్తే గీత తప్పుతుంది. దాని పాటికి దాన్ని కోయనిచ్చి, వెనక నుంచి నడిపించండి చాలు. తోయాల్సి వస్తోందంటే బ్లేడు మొద్దుబారిందని అర్థం.

రైన్‌తీరం | ఆదివారం, తెల్లవారుజామున 2:30

మేడగది గారి పోలిక ఊరికే కుదిరింది కాదు. ఈ మిషను పుట్టిందే కుట్టుమిషను నుంచి. 1946లో స్విట్జర్లాండ్‌లో షింటిల్లా అనే కంపెనీ ఇంజనీరు ఆల్బర్ట్ కౌఫ్‌మన్, భార్య కుట్టుమిషనులో సూది తీసి అక్కడ రంపపు బ్లేడు పెట్టి చూశాడని చెబుతారు. మరుసటి ఏడాది లెస్టో అన్న పేరుతో చేతిలో పట్టుకునే మిషను బజారుకు వచ్చింది. ఆ కంపెనీ తర్వాత బాష్ చేతికి వెళ్లింది. కుట్టుమిషను పోయిన ఆ భార్య ఏమన్నదో మాత్రం చరిత్రలో లేదు.

నేను జర్మనీలో ఉంటాను. ఇక్కడ అద్దె ఇంటి నేలమాళిగలో చిన్న చోటు ఉంది. ఆదివారాలు మిషను ఆన్ చేస్తే పక్కింటివాళ్లు తలుపు తడతారు కాబట్టి ఈ పూట రాతపనే.

వైరుమనిషి | ఆదివారం, ఉదయం 7:15

కరీంనగర్ నుంచి. వృత్తి ఎలక్ట్రీషియన్, చెక్కపని సరదా.

అందరూ బ్లేడు గురించే మాట్లాడుతున్నారు, వైరు సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను చూసిన జిగ్‌సా ప్రమాదాల్లో ఎక్కువ భాగం దాని వైరు అదే కోసుకున్నవి. గీత వెంట చూస్తూ ముందుకు పోతుంటే వైరు బల్ల అంచు నుంచి కిందికి జారి సరిగ్గా బ్లేడు దారిలోకి వస్తుంది. వైరును కుడి భుజం మీదుగా వెనక్కి వేసుకోండి, అప్పుడు అది ఎప్పుడూ మీ వెనకే ఉంటుంది. పొరపాటున తెగితే మిషను ముట్టుకోకుండా ముందు గోడ దగ్గర స్విచ్చి ఆపి ప్లగ్గు పీకండి.

ఇంటి మీటరు బోర్డులో 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపేసే స్విచ్చి) ఉందో లేదో చూసుకోండి. ఎంసీబీ వేరు, ఇది వేరు. ఎంసీబీ వైరింగును కాపాడుతుంది, ఇది మనిషిని కాపాడుతుంది. దాని మీద ‘టెస్ట్’ అని చిన్న బటన్ ఉంటుంది, నెలకోసారి నొక్కి చూడండి, కరెంటు పోవాలి. పోకపోతే అది అలంకారానికి ఉన్నట్టే.

ఇక మా ఇంట్లో జరిగింది చెబుతాను. మిషనుకు పక్కన చిన్న బటన్ ఉంటుంది, అది నొక్కితే స్విచ్చి వదిలినా మిషను నడుస్తూనే ఉంటుంది. దూరం కోతకు హాయిగా ఉంటుందని అది నొక్కి కోస్తున్నాను. మధ్యలో కరెంటు పోయింది. మిషను ఆగింది కదా అని బల్ల మీద పడుకోబెట్టి, కిందికి వెళ్లి టీ తాగుతున్నాను. కరెంటు వచ్చింది. పై గదిలో ఎవరో డప్పు వాయిస్తున్నట్టు చప్పుడు. వెళ్లి చూసేసరికి మిషను బల్ల మీద దానంతట అదే గెంతుతూ, చెక్కలన్నీ కింద పడేసి, అంచు దాకా వచ్చింది. నాలుగేళ్ల మా వాడు ఆ గది గడప దగ్గర నిలబడి చూస్తున్నాడు.

ఆ రోజు నుంచి ఆ బటన్ నేను వాడలేదు. కరెంటు పోతే నా చెయ్యి ముందు ప్లగ్గు మీదికే పోతుంది.

కొలువుమెట్లు | ఆదివారం, ఉదయం 8:02

వైరుమనిషి గారూ, చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నేనూ ఆ బటన్ నొక్కే కోశాను. అందుకే కేక వినగానే మిషను ఆపలేకపోయాను! వేలు తీస్తే ఆగుతుందనుకుని తీశాను, అది ఆగలేదు. మళ్లీ స్విచ్చి నొక్కి వదలాలని అప్పుడు తట్టలేదు. ఆ క్షణం ఆలస్యం అందుకే జరిగిందని ఇప్పుడు అర్థమవుతోంది.

బావమరిది ఇది చదువుతున్నాడు. నవ్వుతున్నాడు గాని కట్టు చూపించి మరీ నవ్వుతున్నాడు.

కుట్లగది | ఆదివారం, ఉదయం 9:30

నేను క్యాజువాల్టీలో పనిచేసే డాక్టర్ని. పేరు అందుకే అలా పెట్టుకున్నాను.

వేలు తెగినప్పుడు మన ఇళ్లలో మొదట జరిగేది వంటింట్లోకి పరుగు. పసుపు, కాఫీ పొడి, పంచదార, ఏది దొరికితే అది గాయంలో కుక్కి తీసుకొస్తారు. ఆ కాఫీ పొడి కడిగి తీయడానికి మాకు కుట్లు వేయడానికి పట్టే సమయం కన్నా ఎక్కువ పడుతుంది, ఆ కడిగేటప్పుడు నొప్పి మీకే. దయచేసి ఏమీ పెట్టకండి. శుభ్రమైన గుడ్డ మడిచి గాయం మీద గట్టిగా అదిమి పట్టండి, చెయ్యి గుండె కన్నా ఎత్తులో ఉంచండి. పది నిమిషాల పాటు మధ్యలో తీసి చూడకుండా అదమాలి. ఆగిందా లేదా అని నిమిషానికోసారి గుడ్డ ఎత్తి చూడటం వల్లే రక్తం ఆగదు.

వేలు వంచలేకపోయినా, కొన మొద్దుబారినట్టున్నా చిన్న గాయమే కదా అని వదిలేయకండి. లోపల నరమో స్నాయువో తెగి ఉండవచ్చు. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుంటే చెప్పండి.

ఈ మాట రాయాలా అని ఆలోచించాను, రాస్తున్నాను. వేలి ముక్క పూర్తిగా ఊడిపోతే దాన్ని నేరుగా మంచులో వేయకూడదు. తడిపి పిండిన శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి మూతి కట్టి, ఆ సంచిని మంచుముక్కలు వేసిన నీళ్లలో ఉంచి తీసుకురావాలి. జిగ్‌సాతో అంత దూరం రావడం అరుదు. గుండ్రటి రంపంతో అరుదు కాదు.

మేడగది | ఆదివారం, ఉదయం 10:10

డాక్టర్ గారూ, చేతి తొడుగుల సంగతి చెప్పండి. వేసుకోవాలా, వద్దా?

సందేహాలరావు | ఆదివారం, ఉదయం 10:14

వేసుకోవాలి. ఇందులో అడగడానికి ఏముంది?

పాతరంపం | ఆదివారం, ఉదయం 10:33

అడగడానికి చాలా ఉంది. పలకలు మోసేటప్పుడు, చీలికలు గుచ్చుకోకుండా వేసుకుంటాను. కోసేటప్పుడు తీసేస్తాను. బజార్లో ఇరవై రూపాయలకు దొరికే నూలు తొడుగుల వేళ్ల చివర దారాలు వేలాడుతుంటాయి. బ్లేడు ఒక పోగు పట్టుకుంటే వేలిని కూడా దానితో లాక్కుపోతుంది. పైగా తొడుగు ఉందంటే చేతికి లేని ధైర్యం వచ్చి బ్లేడుకు మరో అంగుళం దగ్గరగా పోతుంది.

కుట్లగది | ఆదివారం, ఉదయం 11:05

పాతరంపం గారితో ఏకీభవిస్తాను. ఆ పళ్లను ఆపే తొడుగు మామూలు ఇంట్లో ఉండదు. ఒక చెయ్యి మిషను పిడి మీద, రెండో చెయ్యి కూడా మిషను మీదే లేదా దూరంగా బల్ల మీద ఉంటే తొడుగు ప్రశ్నే రాదు. కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి. మామూలు చత్వారం అద్దాలు పక్కల నుంచి కాపాడవు. పొట్టు కంట్లో పడి నలుపుకుంటూ వచ్చేవాళ్లు కోసుకుని వచ్చేవాళ్ల కన్నా ఎక్కువమంది.

రైన్‌తీరం | ఆదివారం, మధ్యాహ్నం 1:20

చెవుల మాట కూడా. చిన్న గదిలో ఈ మిషను చప్పుడు గంటసేపు వింటే రాత్రి పడుకున్నాక చెవిలో కీచురాళ్లు. నురుగు బిరడాలు పది రూపాయల్లో వస్తాయి.

మేడగది | ఆదివారం, మధ్యాహ్నం 2:45

పొడి గురించి నేను చెప్పాలి, ఎందుకంటే నేను తిన్నాను దాన్ని. నిరుడు వర్షాకాలంలో తలుపులు మూసుకుని ఎండీఎఫ్ (మెత్తటి చెక్కనారను జిగురుతో అదిమి చేసిన) పలక కోశాను. అది ప్లై పొట్టులా రాలదు, పిండిలా లేచి గాల్లోనే ఉండిపోతుంది. సాయంత్రానికి కళ్లు మండి, గొంతు బొంగురుపోయి, కాఫీ కూడా చెక్కలా అనిపించింది. చెక్కపొడిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం 1995లోనే మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థాల జాబితాలో చేర్చింది. రోజూ ఏళ్ల తరబడి పీల్చేవాళ్ల మాట అది. వారానికి ఒక పూట కోసే మనం బెంబేలెత్తనక్కర్లేదు గాని, కరోనా నాటి ఎన్95 మాస్కులు బీరువాలో మిగిలి ఉన్నాయి కదా, వాటికి ఇంతకన్నా మంచి పని దొరకదు. ఇప్పుడు నేను మేడ మీద ఆరుబయటే కోస్తాను. అయ్యాక చీపురుతో ఊడ్చను, తడిగుడ్డతో తుడుస్తాను.

చున్నీ, వేలాడే గాజులు, విరబోసుకున్న జుట్టు, ఇవి ఎటూ ఉండకూడదు. సందేహాలరావు గారూ, లుంగీ కూడా.

నిర్వాహకుడు | ఆదివారం, సాయంత్రం 4:00

‘సగం ధరకే జిగ్‌సా’ అంటూ వచ్చిన రెండు ప్రకటనలు తొలగించాను. చర్చ కొనసాగించండి.

కొలువుమెట్లు | ఆదివారం, సాయంత్రం 6:25

ఇన్ని సంగతులు తెలుస్తాయని అనుకోలేదు. ఇప్పుడు పనిలోకి వస్తాను. ఒక పక్క పలకలో రెండు మెట్లు కోశాను, మూడోది సగంలో ఉంది. రెండో పలక అసలు మొదలుపెట్టలేదు. నా ప్రశ్నలు: స్టూళ్లు కాకపోతే దేని మీద పెట్టాలి? రెండు పలకలూ ఒకేలా రావాలి కదా, ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి కోస్తే పని తగ్గుతుందా? నా దగ్గర మిషనుతో వచ్చిన బ్లేడు ఒక్కటే ఉంది, మొదటి నుంచి అదే.

సందేహాలరావు | ఆదివారం, సాయంత్రం 6:40

కింద థర్మాకోల్ షీటు పరిచి దాని మీద కోయండి. బ్లేడు దిగినా నేలకు తగలదు. వీడియోల్లో అందరూ అదే చేస్తున్నారు.

మేడగది | ఆదివారం, సాయంత్రం 6:52

వీడియోల్లో వాళ్లు వాడేది గట్టి నురుగు పలక. మన టీవీ పెట్టెల్లో వచ్చే థర్మాకోల్ అయితే సంక్రాంతికి మీ ఇంట్లో మంచు కురుస్తుంది. ఆ తెల్ల పూసలు ఒంటికి అంటుకుని నెల రోజులు వదలవు. ఎలా తెలుసని అడగకండి.

పాతరంపం | ఆదివారం, రాత్రి 8:30

భోజనం చేసి కూర్చున్నాను, వివరంగా రాస్తాను.

కట్టెల అడితిలో మూడంగుళాల ఎత్తుండే రీపర్లు (పొడవాటి చెక్క బద్దలు) నాలుగు తెచ్చుకోండి, ఒక్కోటి నాలుగు అడుగులు. గట్టి బల్ల ఉంటే బల్ల మీద, లేకపోతే నేల మీదే పరిచి వాటి మీద ప్లై పెట్టండి. మూడంగుళాలు ఎందుకంటే బ్లేడు దిగేది రెండంగుళాలు, ఒక అంగుళం మిగులు. గీత ఎప్పుడూ రెండు రీపర్ల మధ్య ఖాళీలో పడేలా జరుపుకుంటూ పోవాలి. కోసే ముందు ప్రతిసారీ తల వంచి కింద చూడండి. నేను ఇప్పటికీ వంగి చూస్తాను, నడుము నొప్పి ఉన్నా.

ఇలా పెడితే మీ బావమరిదితో పనే లేదు. తెగిపోయే ముక్క కింద కూడా రీపరు ఉంటుంది కాబట్టి అది ఊగదు. స్టూళ్ల మధ్య కోసినప్పుడు జరిగిందేమిటంటే, సగం తెగాక ప్లై తన బరువుకు నడుమ వంగింది. వంగితే కోత నోరు మూసుకుని బ్లేడును నొక్కుతుంది. అక్కడ మిషను ఎగురుతుంది. ముక్క చివర వేలాడితే ఇంకో రకం: నోరు తెరుచుకుని, ఆఖరి అంగుళం తెగకుండా విరిగి పొర లేస్తుంది. మీ వాడు చెయ్యి పెట్టింది ఆ వేలాడేదాన్ని ఆపడానికే. అతని ఉద్దేశం మంచిదే, చెయ్యి చేసే పని చెక్క చేత చేయించాల్సింది.

పలకను కదలకుండా బిగించి పట్టే సి-క్లాంపులు రెండు కొనండి. ఒక్కటి చాలదు. ఒక్కటే ఉంటే ప్లై దాని చుట్టూ గడియారం ముల్లులా తిరుగుతుంది. మోకాలు క్లాంపు కాదు.

రెండు పలకలు కలిపి కోయడం: వద్దు. 18 మీద 18 అంటే 36 మి.మీ. ఈ బ్లేడును పట్టి ఉంచేది పైభాగంలోనే, కింది కొన గాల్లో ఉంటుంది. మందం పెరిగేకొద్దీ కింది కొన తనిష్టం వచ్చినట్టు పోతుంది. పైపలక గీత మీద తెగుతుంది, కింది పలక మూడు మి.మీ. పక్కన తెగుతుంది. మొదటి పలక కోసి, గరుకు కాగితంతో సాపు చేసి, దాన్నే అచ్చుగా పెట్టి రెండోదాని మీద పెన్సిలుతో గీసుకోండి.

మెట్టు మూల దగ్గర చాలామంది మిషనును తిప్పబోతారు. లంబకోణంలో బ్లేడు తిరగదు, విరుగుతుంది. నిలువు గీత మూల దాకా కోసి ఆగండి. స్విచ్చి వదిలి, బ్లేడు పూర్తిగా ఆగాక బయటకు తీయండి. తర్వాత అడ్డగీత అవతలి అంచు నుంచి మొదలుపెట్టి మూలకు రండి. రెండూ కలిసిన చోట ముక్క దానంతట అదే రీపరు మీద కూర్చుంటుంది. బ్లేడు ఆడుతుండగా మిషను పైకెత్తితే కొన వచ్చి పైపొర మీద కొడుతుంది, మిషను కప్పలా ఎగురుతుంది. కొత్తవాళ్ల బ్లేడ్లు సగం అలాగే పోతాయి.

రైన్‌తీరం | ఆదివారం, రాత్రి 9:50

బ్లేడు సంగతి నేను చెబుతాను. మీ మిషనుకు టీ ఆకారపు మొదలున్న బ్లేడు పడుతుందో లేదో చూసుకోండి, ఇప్పటివాటికి దాదాపు అన్నిటికీ అదే. ప్లైకి టీ101బీ అడగండి, సన్నని పళ్లు, నున్నటి కోత. టీ144డీ అంటే ముతక పళ్లు, మందపాటి చెక్కను వేగంగా కోస్తుంది గాని ప్లై పొర చింపుతుంది. వంపులకు టీ101ఏఓ, అది సన్నగా ఉండి ఇట్టే తిరుగుతుంది. ఇనుప రేకుకు టీ118ఏ. మిషనుతో ఉచితంగా వచ్చిన బ్లేడు సాధారణంగా తొలి పూటకే మొద్దుబారుతుంది. మీరు దానితోనే తోసి ఉంటారు.

పళ్లు పైకి కోస్తాయి కాబట్టి చీలికలు పైపొర మీదే లేస్తాయి. అందంగా కనిపించాల్సిన ముఖాన్ని కిందికి పెట్టి కోయాలి. గీత మీద మాస్కింగ్ టేపు అంటిస్తే ఇంకా తగ్గుతుంది.

మిషను పక్కన సున్నా నుంచి మూడు దాకా ఒక మీట ఉంటుంది, చాలామంది దాన్ని ముట్టుకోరు. బ్లేడును ముందుకూ వెనక్కీ ఎంత ఊపాలో చెప్పేది అదే. మూడు మీద పెడితే ఆత్రంగా కోస్తుంది, పొర లేస్తుంది. ప్లైకి ఒకటి చాలు, మూల దగ్గరికి వచ్చేసరికి సున్నా. వంపులకూ, రేకుకూ ఎప్పుడూ సున్నాయే.

బ్లేడు మార్చేటప్పుడు ప్లగ్గు తీసి ఉండాలి. కోసిన వెంటనే మార్చబోకండి, బొబ్బలెక్కేంత వేడిగా ఉంటుంది.

పాతరంపం | ఆదివారం, రాత్రి 10:02

> అందంగా కనిపించాల్సిన ముఖాన్ని కిందికి

కొలువుకు పైన గుడ్డ కప్పుతారు కదండీ. పొర లేస్తే లేచింది. గీత మీద ధ్యాస తగ్గించి చేతి మీద పెట్టమనండి.

వైరుమనిషి | సోమవారం, ఉదయం 6:50

బ్లేడు వెనక చిన్న చక్రం ఉంటుంది, అది బ్లేడు వీపుకు ఆని తిరగాలి. పొట్టు ఇరుక్కుని అది తిరగకపోతే బ్లేడు ఊగుతుంది, వేడెక్కుతుంది. పాత పళ్ల బ్రష్షుతో తుడిచి ఒక చుక్క నూనె వేయండి. తుడిచేటప్పుడు ప్లగ్గు... చెప్పక్కర్లేదనుకుంటాను.

కొలువుమెట్లు | సోమవారం, రాత్రి 8:15

రీపర్లు, రెండు క్లాంపులు, అయిదు బ్లేడ్లు, కళ్లద్దాలు, చెవి బిరడాలు తెచ్చాను. అన్నీ కలిపితే మిషను ధరలో సగం అయ్యాయి. ముందే కొనాల్సింది ఇవి.

మా ఆవిడ ఈ చర్చ మొత్తం చదివింది. మిషను బీరువా దిగింది గాని షరతు మీద: కోసేటప్పుడు గదిలో నేను తప్ప ఎవరూ ఉండకూడదు, తలుపు గడియ మాత్రం పెట్టకూడదు.

కుట్లగది | సోమవారం, రాత్రి 9:00

మీ ఆవిడ చెప్పింది నేను రాయాల్సింది. ఒక్కరే పని చేసేటప్పుడు గడియ పెట్టకూడదు, ఫోను అందే చోట ఉండాలి.

కొలువుమెట్లు | ఆదివారం, మధ్యాహ్నం 3:40

రెండు పలకలూ అయిపోయాయి. మేడ మీద ఎండలో, రీపర్ల మీద, మాస్కు పెట్టుకుని కోశాను. ప్రతి మెట్టుకూ వంగి కింద చూశాను, మొత్తం ఇరవై సార్లు. పదకొండోసారి చూసినప్పుడు వైరు రీపర్ల సందులో పడుకుని ఉంది. భుజం మీదుగా వేసుకున్నదే, వంగినప్పుడు జారినట్టుంది. తీసి మళ్లీ వేసుకున్నాను. ఆ తర్వాత పది నిమిషాలు ఊరికే కూర్చున్నాను.

కొత్త బ్లేడుతో తోయాల్సిన పనే లేదు. వెన్నలో వెళ్లినట్టు వెళ్లింది.

సందేహాలరావు | ఆదివారం, సాయంత్రం 5:10

అభినందనలు. ఇందాక మా వీధి వడ్రంగిని అడిగాను. కాలి వేళ్లు తొమ్మిదిన్నర అన్నాడు. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

కొలువుమెట్లు | పండగ తర్వాతి శనివారం, రాత్రి 9:05

కొలువు అయింది. ఫొటో పెట్టాను, చూడండి. పై మెట్టు మీద సీతారాములు, రెండో మెట్టు మీద దశావతారాలు, ఆ కింద కొండపల్లి ఏనుగు అంబారీ, పెళ్లి పల్లకి, చివరి మెట్టు మీద మా అమ్మాయి పెట్టిన ప్లాస్టిక్ డైనోసారు. బావమరిది కుట్లు విప్పేశారు. అతనే వచ్చి మెట్లకు మేకులు కొట్టాడు.

మూడో మెట్టు రెండు మి.మీ. ఒక పక్కకు వాలింది. పాత బ్లేడుతో సగం కోసినది అదే. అత్తగారి పట్టుచీర కప్పాం కాబట్టి ఎవరికీ తెలియదు.

పాతరంపం | పండగ తర్వాతి శనివారం, రాత్రి 9:22

చీర తీసి ఇంకో ఫొటో పెట్టండి.